ఆకాశం చూసే భాయ్

మొన్న కోవూరులో చుట్టాల పెళ్ళికి పోయాను. తలంబ్రాలు జోరుగా పడుతున్న వేళ ఫోటోగ్రాఫర్ ఫ్యాను కింద నిలబడి కెమెరాకున్న లెన్సు ఊడదీశాడు. కెమెరా నోరు పైకి పెట్టి, సంచిలో ఇంకో లెన్సు కోసం తీరిగ్గా వెతుక్కుంటున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. నేను జాకెట్లు కుట్టుకునే మనిషిని, కెమెరాలతో నాకేం పని? అయినా కుర్చీలోంచి సగం లేచి, "నాయనా, దాని నోరు కిందికి పెట్టు" అనబోయాను. పక్కన మా ఆడబిడ్డ చూస్తోందని మళ్ళీ కూర్చున్నాను. పోయిన వానాకాలంలో చనిపోయిన మా పక్క కొట్టు భాయ్ ఆ పందిట్లో ఉండుంటే ఏం చేసేవాడో తలుచుకుని, భోజనాల దగ్గర కూడా ఆపుకోలేక నవ్వాను. నాకేదో అయిందని మా ఆడబిడ్డ మజ్జిగ తెప్పించింది.

అల్లూరు బజారులో నా టైలరింగ్ కొట్టు, భాయ్ ఫోటో స్టూడియో ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పిల్లలకూ భాయే, ముసలివాళ్ళకూ భాయే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఎదుటి మనిషితో మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ భుజం మీది నూలుపోగు గిల్లి తీసి, బయట పారేసి వచ్చి మాట కొనసాగించేవాడు.

నేను కొట్టు తెరిచిన రోజే వచ్చాడు. మిషనుకు పూలదండ వేసి, పసుపు కుంకుమ పెడుతున్నాను. స్వీటు ఇస్తే తీసుకున్నాడు కానీ చూపంతా నేల మీద పడి ఉన్న గుడ్డపేలికల మీదే ఉంది.

"చెల్లెమ్మా, నీ కత్తెర ఏ టయానికి మొదలవతాది?"

"ఎందుకన్నా?"

"ఆ టయానికి నేను కెమెరా మూసిపెట్టుకుంటా."

అప్పుడు వివరించాడు. కెమెరా లోపల తపాలా బిళ్ళంత గాజు పలక ఉంటుందట. దాన్ని సెన్సార్ అంటారట. బొమ్మ వచ్చి దాని మీదే పడుతుంది. దాని మీద ఒక్క దుమ్ముకణం వాలిందంటే, తీసిన ప్రతి ఫోటోలోనూ అదే చోట మచ్చ. "చీరల్లో, చెట్లలో కలిసిపోతాది, ఎవరికీ కనపడదు. ఇంట్లో తీస్తే దాక్కుంటాది. మంచి ఎండలో, ఆకాశం పెట్టి తీసినామా, దొరికిపోతాది" అన్నాడు. చెప్పడం అయ్యాక మరునాడు తనే ఒక మందపాటి పచ్చ తెర తెచ్చి నా గుమ్మానికి కట్టించాడు. దాన్ని చూసి, ఇక్కడ డాక్టరమ్మ కూర్చుంటుందా అని అడిగినవాళ్ళు ఉన్నారు.

ఇక ఆయన కొట్లో లెన్సు మార్చడమంటే ఒక తంతు. ముందు ఫ్యాను ఆపేవాడు. తలుపు మూసేవాడు. నేల మీద నీళ్ళు చిలకరించేవాడు. చొక్కాకి నూలు ఉంటుందని చొక్కా విప్పేవాడు. కెమెరా నోరు కిందికి పెట్టి, ఊపిరి బిగబట్టి, పాలు తాగే బిడ్డ నోట్లోంచి పాలపీక తీసినంత మెల్లగా లెన్సు తీసేవాడు. తలుపు బయట ఆయనే రాసిన అట్ట ఒకటి వేలాడేది: "దయచేసి ఆగండి. లెన్సు మార్చబడుచున్నది." అది చదవకుండా తలుపు తోసిన ఆడవాళ్ళు, లోపల ఉక్కపోతలో చొక్కా లేకుండా చెమటలు కక్కుతూ బిగుసుకు నిలబడ్డ మనిషిని చూసి, "అమ్మో" అంటూ నా కొట్లోకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి సర్దిచెప్పడం నా పని. అలా వచ్చినవాళ్ళు కొందరు నాకు జాకెట్లు కూడా ఇచ్చి పోయారు. కాబట్టి నేను ఫిర్యాదు చేయలేదు.

ఇంత దుమ్ము భయం ఉన్న మనిషి బతుకుతెరువు మన పెళ్ళిళ్ళు. పసుపు, కుంకుమ, సాంబ్రాణి, హోమం పొగ, ఇప్పుడు కొత్తగా కాగితప్పూలు పేల్చే గొట్టాలు. పెళ్ళనేది తనను చంపడానికి పెట్టుకున్న ఏర్పాటని ఆయన గట్టి నమ్మకం. కెమెరాకి స్నానాల టోపీ తొడిగి పందిట్లో తిరిగేవాడు. ఇందుకూరుపేటలో ఒక పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం దగ్గరికి పోయి, గుప్పెడు బియ్యం తీసి వెలుతురులో చూసి, పురోహితుణ్ణి అడిగాడు.

"సామీ, ఇవి జల్లించినారా?"

"ముహూర్తం దాటిపోతుందయ్యా."

"తవుడు ఉండాది సామీ. ఒక్క నిమిషం."

ఆ పెళ్ళికొడుకు తండ్రి నాకు తెలుసు. ఎవరో ఒకామె నిజంగానే జల్లెడ తెచ్చిందని, జల్లించిన తలంబ్రాలతో జరిగిన పెళ్ళి జిల్లాలో తమదొక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆయన ఫోటో చూసే తీరు వేరు. ఎవరు ఆల్బం తెచ్చి చూపించినా పెళ్ళికూతుర్ని చూడడు, పెళ్ళికొడుకుని చూడడు. "ముఖాలు దేవుడు చేసినాడు. ఆకాశం చూడు, అది ఫోటోగ్రాఫర్ చేసినాడు" అనేవాడు. బస్టాండు దగ్గర డ్రోన్లూ పెద్ద తెరలూ పెట్టుకుని కొత్త స్టూడియో ఒకటి వచ్చింది. భాయ్ దగ్గరికి వచ్చే పెళ్ళిళ్ళు సగానికి సగం అటు మళ్ళాయి. ఆ కుర్రాయన మర్యాదకి ఒకసారి తన ఆల్బం తెచ్చి చూపించాడు. భాయ్ ఆకాశంలో ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"కాకి అనుకుంటా భాయ్."

భాయ్ ఒక్కో పేజీ తిప్పుతూ అదే చోట వేలు పెట్టుకుంటూ పోయాడు. "ఈ కాకి పొద్దున్నించి సాయంత్రం దాకా రెక్కాడించకుండా ఆడనే ఎట్ట నిలబడినాదబ్బాయ్?"

బజారంతా నవ్వింది. ఆ కొత్త స్టూడియోకి కొన్నాళ్ళు కాకి స్టూడియో అని పేరు. నాకు ఆ పిల్లవాడి మీద జాలేసింది కానీ నేనూ నవ్వాను. భాయ్‌కి అప్పటికి మిగిలింది అదొక్కటే. డ్రోను లేదు, తెర లేదు, వయసు లేదు. "నా ఆకాశంలో మచ్చ ఉండదు" అన్న మాట ఉంది. ఆ మాటను చూసే కొందరైనా ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రతి శుక్రవారం పొద్దున్నే బజారు మధ్యలో నిలబడి వట్టి ఆకాశాన్ని ఫోటో తీసేవాడు. తీసిన దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి మచ్చ కోసం వెతికేవాడు. మా వైపు ఎవరైనా తల పైకెత్తితే చాలు, శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారనుకుంటారు. పాలవాళ్ళు సైకిళ్ళు ఆపేవాళ్ళు, మిద్దెల మీదికి జనం ఎక్కేవాళ్ళు. "యాడ భాయ్, యాడ?" అంటూ అందరూ ఆకాశం వెతికేవాళ్ళు. "రాకెట్ గాదు, దుమ్ము ఉండాదేమో చూస్తుండా" అని ఆయన చెప్పేలోపు కొందరికి కనిపించేసేది కూడా.

అసలు కథ ఇక్కడే మొదలైంది. రొయ్యల గుంటల ఆసామి ఒకాయన కొత్త ఇల్లు కట్టాడు. హాల్లో గోడంత ఫోటో ఒకటి పెట్టాలనుకున్నాడు. తను గుంట గట్టు మీద నిలబడి ఉండాలి, వెనకాల ఆకాశంలో రాకెట్ పైకి పోతూ ఉండాలి. కొత్త స్టూడియో వాళ్ళని కాదని భాయ్‌ని పిలిచాడు. ఆకాశం పని కదా, అందుకని.

రాకెట్ వదిలే రోజు మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. గట్టు మీద గాలి విపరీతంగా ఉంది, రొయ్యలకు గాలి ఆడటానికి గుంటల్లో పెట్టిన చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. భాయ్ కెమెరాకి దూరం చూసే లెన్సు ఉంది. ఆసామి పొట్ట, గుంట, ఆకాశం అన్నీ పట్టాలంటే వెడల్పు లెన్సు కావాలి. ఆసామి చేతిలో ఫోను పట్టుకుని, "కానియ్ భాయ్, వదిలేస్తుండారు" అని కేకలు. భాయ్ జన్మలో మొదటిసారి గాలిలో, నిలువుకాళ్ళ మీద, చొక్కా కూడా విప్పకుండా లెన్సు మార్చాడు. "అదిగో" అని ఆసామి అరిచాడు. భాయ్ నొక్కాడు. దూరంగా ఉరుము లాంటి మోత వచ్చింది. మబ్బు మబ్బులాగే ఉంది.

ఏమీ రాలేదని చెప్పడానికి భాయ్ సిద్ధపడ్డాడు. మరునాడు ఆసామి స్టూడియోకొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, భాయ్ కంటే ముందు తనే చూశాడు. తన కుడి భుజం పైన, మబ్బులో, ఏటవాలుగా ఒక సన్నటి నల్లటి గీత. పైన కొంచెం లావుగా, కింద తోకలాగా.

"అదీ. బలే పట్టినావు భాయ్."

భాయ్ ఆకాశంలోని మచ్చను భాయ్ కంటే ముందు ఇంకొకరు చూడటం అదే మొదలు. అది దుమ్మని చెప్పకుండా ఊరుకున్నాడు. ఊరుకుంటే ఏమవుతుందో ఆయనకు అప్పటికి తెలియదు. ఆసామి ఆ ఫోటోను నిలువెత్తున ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. మబ్బును చీల్చుకుని రాకెట్ వచ్చిన క్షణాన భాయ్ ఎలా పట్టాడో వచ్చినవాళ్ళందరికీ కథ చెప్పాడు. చూడ్డానికి జనం పోయారు. వాళ్ళలో సగంమంది, ఆ రోజు తామూ రాకెట్‌ని చూశామన్నారు. ఇంకేముంది, భాయ్ కొట్టు ముందు చెప్పులు కనిపించడం మొదలైంది. వచ్చేసారి రాకెట్ వదిలినప్పుడు నాకొకటి, మా నాన్నకొకటి, మా కొత్త ట్రాక్టరుకొకటి అని బేరాలు. నేను సంతోషించాను. భాయ్ మాత్రం అన్నం సరిగ్గా తినడం లేదని క్యారేజీ తెచ్చే వాళ్ళావిడ గోడ అవతల నుంచి నాకు చెప్పింది.

కొన్నాళ్ళకు ఒకామె నా దగ్గరికి జాకెట్ డిజైను కోసం ఫోటో తెచ్చింది. వాళ్ళ పిల్ల ఓణీల ఫంక్షన్‌కి మైపాడు సముద్రం దగ్గర భాయ్ తీసిందే. నేను జాకెట్ చేతులు చూస్తుంటే పైన ఆకాశంలో ఏదో కనిపించింది. ఏటవాలుగా, పైన లావు, కింద తోక.

"ఆ పొద్దు కూడా రాకెట్ పొయ్యిందాక్కా?"

"లేదే, అది కొంగేమో" అందామె.

ఆ ఫోటో పట్టుకుని పక్క కొట్లోకి పోయాను. భాయ్ చూసి నన్ను కూర్చోమనలేదు. "తలుపెయ్యి" అన్నాడు. రాకెట్ మరునాడు పొద్దున్నే, మచ్చ సంగతి తెలియకముందు తీసిన ఫంక్షనట అది. మిగతా ఫోటోలన్నిట్లోనూ దాన్ని కంప్యూటర్లో తుడిచేశాడట, ఇదొకటి కన్నుగప్పి పోయిందట.

"అయితే ఆసామి ఇంట్లో ఉండేది?"

ఆయన బల్ల సొరుగులోంచి తెల్లకాగితం మడత తీసి విప్పాడు. సెన్సార్ శుభ్రం చేసినప్పుడు తీసి దాచాడు. కంటికి ఆనీ ఆనకుండా ఒక నూలుపోగు. "ఇదీ రాకెట్" అన్నాడు. తర్వాత నా వైపు అనుమానంగా చూశాడు. "నీ కొట్లోదే."

"నా నూలు అంత పైకి పొయ్యిందంటే నాకు గొప్పేగదన్నా."

నవ్వలేదు. పట్టరాని కోపంతో, ఇంకా పట్టరాని దిగులుతో కూర్చుని ఉన్నాడు. "వచ్చేసారి ఇంతమంది వస్తుండారు చెల్లెమ్మా. మళ్ళీ మబ్బు పడితే? లోకానికంతా రాకెట్ ఎట్ట చూపించేది? మళ్ళీ దుమ్ము పోసుకోవాల్నా కెమెరాలో?"

"పోసుకో. నూలు నేనిస్తా. రంగు కావాలన్నా ఉండాది."

ఆ మాట నేను వేళాకోళానికే అన్నాను. ఆయన మాత్రం లేచి చొక్కా సర్దుకున్నాడు. "పద, ఆసామి దగ్గరికి పోదాం. ఆయన కొడితే చెప్పడానికి ఒక మనిషి ఉండాల" అన్నాడు. నేను దారిపొడుగునా వద్దని చెప్పాను. వచ్చిన బేరాలు పోతాయి, ఉన్న మాటా పోతుంది, కాకి స్టూడియో వాళ్ళు పండగ చేసుకుంటారు, ఎవరికీ తెలియని సంగతి ఎందుకు కెలుకుతావు అన్నాను. విన్నాడు, తల ఊపాడు, నడుస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆసామి ఇంట్లో రొయ్యల మేత కంపెనీ వాళ్ళు నలుగురైదుగురు టీ తాగుతున్నారు. ఆసామి ఫోటో ముందు నిలబడి కథ చెబుతున్నాడు. వాళ్ళలో ఒకాయన, తాను ఆ రోజు నెల్లూరు మిద్దె మీద నుంచి ఈ రాకెట్‌నే చూశానని వంత పాడుతున్నాడు. భాయ్‌ని చూడగానే ఆసామి, "ఇదిగో, ఈయనే" అని అందరికీ చూపించాడు.

భాయ్ ఫోటో దగ్గరికి పోయి, అలవాటు చొప్పున ఆకాశం మీద వేలు పెట్టాడు. "అయ్యా, ఇది రాకెట్ గాదు. నా కెమెరాలో పడిన నూలుపోగు. తప్పు నాది. మంచిగా తుడిచి వేరే ఫోటో ఇస్తా."

నెల్లూరు మిద్దె ఆయన గుమ్మం బయట విడిచిన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆసామి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది.

"నా రాకెట్‌ని తుడవడానికి నువ్వెవరయ్యా? బయటికి నడువు."

నడిచాం. సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. రాకెట్ ఫోటోలు కావాలన్నవాళ్ళు ఒక్కరొక్కరే మానుకున్నారు. కొత్త స్టూడియో ఆయన పని ఉన్నట్టు మా వైపు వచ్చి, "భాయ్, నీ నూలుపోగు అంతరిక్షం నించి దిగినాదా?" అని అడిగి పోయాడు. న్యాయంగా ఆ మాట అనే హక్కు అతనికి ఉంది. భాయ్ ఆ శుక్రవారం ఆకాశం ఫోటో తీయలేదు, ఆ తర్వాత శుక్రవారమూ తీయలేదు. పాలవాళ్ళు సైకిళ్ళు ఆపకుండానే పోయారు. తలుపు తీసి ఉన్నా, ఫ్యాను తిరుగుతున్నా, నా కత్తెర చప్పుడవుతున్నా అడగలేదు. నాకు బాధేసింది. నన్ను ఇన్నేళ్ళు సతాయించిన మనిషి సతాయించకపోతే కుట్టు సాగదని అప్పుడు తెలిసింది. కావాలని గుమ్మం తెర పక్కకు లాగి గుడ్డలు దులిపాను. ఆయన తల కూడా తిప్పలేదు.

వేసవి మొదట్లో ఆసామి భార్య, కూతురు పెళ్ళి జాకెట్లకు కొలతలివ్వడానికి నా కొట్టుకొచ్చారు. ఆసామి కారులోంచి దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గోడ అవతలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఉండాడా?"

"ఉండాడు."

"మా పాప పెళ్ళికి అతన్నే రమ్మని చెప్పమ్మా. నేను పొయ్యి అడిగితే బాగుండదు. ఆ పొద్దు నడువు అన్న నోరిది."

నా ముఖం చూసి ఆయనే చెప్పుకొచ్చాడు.

"ఆ పొద్దు మబ్బులో నాకే ఏం కనపళ్ళేదమ్మా. వట్టినే అదిగో అన్నా. నేను అబద్ధం చెప్తుండానని నాకు తెలుసు. మరి మా ఇంట్లో టీ తాగినోళ్ళందరూ మేం గూడా చూసినామని ఎందుకు చెప్పినట్టు? రేపు నా బిడ్డ మొగుడు ఎట్టాంటోడని అడిగినా వీళ్ళు బలే ఉండాడనే అంటారు. ఊరంతా కలిసి నాకు రాకెట్ చూపించినారు. ఒక్కడే దుమ్మన్నాడు. ఆ ఒక్కడే గావాల నాకు."

వాళ్ళు ముగ్గురూ కారెక్కి పోయాక నేను తీసిన కొలతలు కూడా రాసుకోకుండా పక్క కొట్లోకి పరిగెత్తాను. భాయ్ స్టూలు మీద కూర్చుని బయటికి చూస్తున్నాడు. ఆసామి అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన నా చీర మీది నూలుపోగు గిల్లి తీసి, పారేయకుండా వేళ్ళ మధ్య తిప్పుతుంటే నేను అటు తిరిగి గోడ మీది ఫోటోలు చూస్తున్నట్టు నటించాను.

"పెళ్ళి యాడ?" అన్నాడు చివరికి.

"మైపాడులో. సముద్రం వొడ్డునే పందిరంట. సాయంత్రం పూట."

భాయ్ స్టూలు మీద నుంచి లేచాడు. "ఇసకలోనా? ఆ గాలిలోనా? బుద్ధుండాదా ఆ మనిషికి? ఉప్పు తేమకి దుమ్ము అతుక్కుంటే ఊడి చస్తాదా? పైగా పొగ గొట్టాలు పెడతారు, కాగితాలు పేలస్తారు. నా వల్ల గాదని చెప్పు. వేరే వాళ్ళని చూసుకోమను. ఏ జాగా దొరకలేదంటనా? కల్యాణమండపాలు అన్నీ కూలిపోయినాయా?"

ఇలా తిడుతూనే కెమెరా బయటికి తీశాడు, తలుపు మూశాడు, ఫ్యాను ఆపాడు, నన్ను బయటికి తరిమాడు. గోడ అవతల నుంచి ఆ తిట్లు నాకు మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఆసామినీ, సముద్రాన్నీ, ఇసకనీ, నా కత్తెరనీ, ఎవర్నీ వదల్లేదు. అంత సంతోషంగా తిట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.